పాముచెవులావిడ సంతకం

ఆఫీసులో ఆమెను పాముచెవులావిడ అనేవారు, అదీ మొహం మీదే. నవ్వి ఊరుకునేది. పాత టేపుల్లోని పాటలూ ప్రసంగాలూ, ఎప్పుడో పోయినవాళ్ల మాటలూ కంప్యూటర్లలోకి ఎక్కించి దాచే ఆఫీసు అది; ఎక్కించాక అరిగిన టేపులు పారేసేవారు. ఎక్కించిన ప్రతి ఫైలునూ విని, బాగుందో లేదో తేల్చడం ఇరవై ఆరేళ్లుగా ఆమె పని. పక్కగదిలో ఫ్యాను బేరింగు అరిగిందని గోడకు ఇవతలి నుంచే చెప్పిన మనిషి.

ఆ ఏడు సర్వర్లు నిండిపోయాయి. ఫైళ్లను పదో వంతుకు కుదించి, అసలువి చెరిపేద్దామన్నాడు మేనేజరు. ముందు ఆమె విని సరే అనాలి.

హెడ్‌ఫోన్స్ పెట్టి, మొదట అసలు ఫైలు, తర్వాత కుదించినది వినిపించారు. మూడోసారి ఆ రెండింట్లో ఏదో ఒకటి, చెప్పకుండా. అదేదో ఆమె పోల్చాలి. ఇలా ఇరవై సార్లు. గుడ్డిగా చెప్పినా పది దాకా తగులుతాయి. ఏడేళ్ల కిందట ఇలాంటి పరీక్షలోనే ఆమె పంతొమ్మిది చెప్పింది. తాళాల మోత చివరా, 'స' అక్షరం అంచునా శబ్దం ఎక్కడ చిరిగిందో వేలు పెట్టి చూపించింది.

ఈసారి పదకొండు.

"మీకే తెలియలేదంటే ఇంకెవరికి తెలుస్తుందమ్మా?" అన్నాడు మేనేజరు, కాగితం ముందుకు జరుపుతూ.

కుదించే పద్ధతే మెరుగుపడి ఉంటుందనుకుంది. తేడా వినిపించలేదని రాసి సంతకం చేసింది. ఆ మధ్యాహ్నమే తెర మీద ఫైళ్ల పేర్లు ఒక్కొక్కటే మాయం కాసాగాయి.

నాలుగో రోజు ఇంట్లో ఫ్రిజ్ తలుపు సరిగా పడలేదు. భర్త వంటింట్లోకి వచ్చి, "ఇందాకట్నుంచి కూస్తోంది. పక్కనే కూర్చుని పట్టించుకోవేం?" అన్నాడు.

ఏం కూస్తోందని అడిగింది. ఆయన తలుపు మూసి, మళ్లీ తెరిచి, హెచ్చరిక కూత మొదలయ్యేదాకా ఆగాడు.

"ఇదిగో, ఇప్పుడు."

ఆమెకు మోటారు గుర్రు తప్ప ఏమీ వినిపించలేదు.

మర్నాడు చెవుల డాక్టరు పరీక్ష చేసి ఒక గీత చూపించింది. సగం దూరం చదునుగా నడిచి, అక్కడి నుంచి గోతిలోకి జారిన గీత. సన్నటి శబ్దాలు పోయి రెండు మూడేళ్లయి ఉంటుందనీ, మాటలు బాగానే వినిపిస్తాయి కనుక గమనించి ఉండరనీ చెప్పింది. ఇక తిరిగి రావని కూడా చెప్పింది.

నోరు మెదపకపోతే ఎవరికీ తెలియదు. బస్సులో ఆ ఆలోచనే తోడొచ్చింది. కానీ ఆఫీసుకు చేరగానే ఫోన్లు చూసుకునే అమ్మాయిని తన కుర్చీలో కూర్చోబెట్టి అదే పరీక్ష పెట్టింది. ఆ అమ్మాయి పద్దెనిమిది చెప్పింది.

మేనేజరు అంతా విని, లేచి తలుపు వేశాడు.

"ఇంకెవరికైనా చెప్పారా?"

"మీకే చెబుతున్నాను."

"అయితే ఇక్కడితో వదిలేయండి. పోయినవి ఎలాగూ రావు."

"ఉన్నవి ఆపండి."

ఆయన ఆపలేదు. సంతకం వెనక్కి తీసుకుంటున్నానని రాసి ఆమె పై అధికారికి ఇచ్చింది. సాయంత్రానికి చెరపడం ఆగింది. అప్పటికే మూడింట రెండు వంతులు పోయాయి.

ఇంటికి బయల్దేరబోతుంటే ఫోన్ల అమ్మాయి ఆపింది. "అక్కా, మీ కాగితం నకళ్లు ఇంకో నాలుగు ఊళ్లలోని మన ఆఫీసులకు పంపించారు. నేనే పంపాను."

నిలబడే ఫోన్లు చేసింది. మూడు చోట్ల ఇంకా మొదలుపెట్టలేదు. నాలుగో చోట ఎవరో ఉత్సాహంగా పలికారు. "నిన్ననే అయిపోయిందండీ. మీ సంతకం చూశాక మళ్లీ వినాలనిపించలేదు."

వినే కుర్చీ ఆ అమ్మాయికి ఇచ్చేశారు. పాముచెవులావిడను రిటైరయ్యేదాకా పట్టికలు రాసే పనిలో ఉంచారు. కుదించినది మాత్రమే మిగిలిన ప్రతి ఫైలు పేరు పక్కనా ఆమె తన చేత్తోనే రాసింది: అసలు లేదు.