జ్యూరీ గదిలోకి వచ్చిన జడ్జి

అమెరికాలో ప్లెయిన్స్‌బరోలో ఉండే నళిని ఒక మందుల కంపెనీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్. తను కళ్లారా చూడని పనికి సంతకం పెట్టదని కంపెనీలో అందరికీ తెలుసు. పౌరసత్వం వచ్చిన మూడో ఏడు ఆమెకు కోర్టులో తీర్పు చెప్పే జ్యూరీలో కూర్చోమని పిలుపు వచ్చింది.

గిడ్డంగిలో దొంగతనం చేశాడని ఒక ట్రక్కు డ్రైవర్ మీద కేసు. జ్యూరీలో పన్నెండు మందీ ఒక్కమాట మీదుంటేనే తీర్పు. పదకొండు మంది దోషి అన్నారు. సాక్షి చూసింది వీపు మాత్రమే కదా అని నళిని ఒక్కతే ఒప్పుకోలేదు.

శుక్రవారం మధ్యాహ్నం జడ్జి గారు జ్యూరీ గదిలోకి వచ్చారు. వెంట లాయర్లు లేరు, మాటలు రాసుకునే ఉద్యోగీ లేడు. కేసు గురించి బయటివాళ్లెవరూ మీతో మాట్లాడకూడదని మొదటిరోజు గంటసేపు ఉపన్యాసం దంచింది ఈ మహానుభావుడే. కుర్చీ లాక్కుని తీరిగ్గా కూర్చున్నాడు. సోమవారం చేపల వేటకు వెళ్లాలట. ఇంత చిన్న కేసుకు అడ్డం పడుతున్నదెవరని నవ్వుతూ అడిగాడు. అందరూ నళిని వైపు చూశారు.

“మా దేశంలో పని త్వరగా తెముల్చుకుంటాం మేడమ్,” అని లేచి వెళ్లిపోయాడు.

పది నిమిషాల్లో నళిని కూడా దోషి అంది. అన్నాక, ఆయన మీదకంటే తన మీద తనకే ఎక్కువ అసహ్యం వేసింది.

కోర్టులో తీర్పు చదివి, ఇది మీ తీర్పేనా అని ఒక్కొక్కరినీ అడిగారు. పదకొండు అవునులయ్యాక ఆమె వంతు వచ్చింది.

“కాదు. జడ్జి గారు మా గదికొచ్చి వెళ్లాక భయపడి ఒప్పుకున్నాను.”

జడ్జి మొహం మాడిపోయింది. డిఫెన్స్ లాయర్ లేచాడు. విచారణ రద్దయింది.

ఇంట్లో భర్త శ్రీధర్ విసుక్కున్నాడు. “యెస్ అనేసి వచ్చేస్తే అయిపోయేది కదా. జడ్జితో మనకెందుకు?”

“సిటిజన్‌షిప్ తీసుకుంది వీకెండ్ పార్టీల్లో చెప్పుకోడానికా?” అంది నళిని.

మరో జ్యూరీ ఆ డ్రైవర్‌ని నిర్దోషి అంది. నళిని ఫిర్యాదు మీద జడ్జిల నడవడి విచారించే కమిటీ కూర్చుంది. కష్టపడుతున్న జ్యూరీకి కృతజ్ఞత చెప్పడానికే వెళ్లానని జడ్జి సంజాయిషీ రాసుకున్నాడు. కమిటీ సుతిమెత్తగా మందలిస్తూ ఒక ఉత్తరం పంపి చేతులు దులుపుకుంది. ఆర్నెల్లకు ఆయన రిటైరైతే సన్మానం చేశారు. నిష్పక్షపాతం గురించి ఆయన నలభై నిమిషాలు మాట్లాడాడట. అందరూ లేచి చప్పట్లు కొట్టారట.