గుగ్గిలం పూసిన బెల్టు

మా నాయిన ఆఖరుసారి మార్చిన బెల్టు నా స్కూటీది. అంతకుముందు ఆయన బతుకంతా వేరే బెల్టుల మీదే గడిచింది. కరెంటు ప్లాంటులో బొగ్గు మోసే బెల్టులు, ఒక్కొక్కటి ఊరి వీధంత పొడుగు. కాంట్రాక్టు పనిలో చేరిన రోజు నుంచి అక్కడి కూలీలకు నేర్పిన నీతి ఒక్కటే: తిరుగుతున్న బెల్టును ఆపకూడదు. అరిగినా సరే, అంచులు పీలికలైనా సరే, తిరిగినన్నాళ్ళు తిప్పాల్సిందే. జారుతుంటే గుప్పెడు గుగ్గిలం పొడి చల్లితే మళ్ళీ పట్టు దొరుకుతుంది. అట్లా గుగ్గిలంతో, తిట్లతో బెల్టులను నడిపి నడిపి, చివరికి ఊపిరితిత్తుల నిండా బొగ్గుదుమ్ము నింపుకొని ఇంటికొచ్చాడు.

వచ్చాక ఆ నీతంతా నా స్కూటీ మీద పడింది.

కొన్నాళ్ళుగా బండి ఎత్తు ఎక్కేటప్పుడు కీచుమంటోంది. ఇంజన్ అరుస్తుంది గానీ బండి ముందుకు పోదు. మెకానిక్ ఆ చప్పుడు వినగానే బెల్టు అయిపోయిందన్నాడు. కొత్తది కొనుక్కొచ్చాను. నాయిన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కవరు కూడా విప్పకుండా సీటు కింద డిక్కీలో పెట్టేశాడు.

“ఉన్నది తిరుగుతనే ఉంది గద. తెగినంక ఏద్దాం తియ్.”

“నడి అడవిల తెగితే?”

“నేనుండంగ నీకేంది?”

ఆ ఆదివారం నేను బట్టలు ఉతుక్కుంటుంటే, ఆయన వాకిట్లో కూర్చుని స్కూటీ పక్కమూత విప్పి, గుగ్గిలం మెత్తగా దంచి బెల్టుకు పూశాడు. నిజం చెప్పొద్దూ, బండి మరుసటి రోజు నుంచి కూత పెట్టలేదు, ఎత్తులు కూడా ఎక్కింది. ఆయన మురిపెం చూడాలి. వాకిట్లోకి ఎవరొచ్చినా ఆ కథే. నవ్వొచ్చింది నాకు. ఎన్నాళ్ళకో ఆ ముఖంలో కాస్త కళ చూశాను.

గురువారం వచ్చింది. ఊపిరితిత్తుల డాక్టర్ భద్రాచలం దవాఖానాకు వారానికి ఆ ఒక్క రోజే వస్తాడు, మధ్యాహ్నం దాకే ఉంటాడు. ముందురోజు నుంచి నాయినకు పడుకుంటే ఊపిరి ఆడటం లేదు. గోడకు ఆనుకుని కూర్చుని, నోరు తెరుచుకుని గాలి పీలుస్తున్నాడు. ఈ రోజు డాక్టర్ చూడకపోతే ఈ మనిషి నాకు దక్కడని భయం పట్టుకుంది. బస్సులో పోదామంటే వినలేదు. బస్సులో జనం మధ్య ఊపిరాడదట, స్కూటీ మీదైతే గాలి దానంతటదే ముక్కులోకి వస్తుందట. ఆయనతో వాదించడం కంటే గేదెకు చదువు చెప్పడం నయం. వెనక కూర్చోబెట్టుకుని బయల్దేరాను.

అడవిలో ఒక ఎత్తు దగ్గర కాలిన వాసన వచ్చింది. ఆ వెంటనే మూత లోపల ఫట్‌మని చప్పుడు. ఇంజన్ ఉరుకుతోంది, చక్రం మాత్రం తిరగడం లేదు.

“సూసినవా, కొత్తది ఎంబడే ఉంది,” అన్నాడు ఆయాసపడుతూనే, గెలిచినవాడిలాగా. నాకు ఒళ్ళు మండింది.

పానాల సంచి ఎప్పుడూ ఆయన వెంటే ఉంటుంది. ఆయన కిలోమీటరు రాయి మీద కూర్చుని చెబుతుంటే నేను కిక్ రాడ్ తీశాను, బోల్టులు విప్పాను. మూత తీసేసరికి లోపలంతా నల్లటి పొడి, తెగిన బెల్టు పీలికలు. పుల్లీల మీద గుగ్గిలం కరిగి, మాడిపోయిన బెల్లంపాకంలా అంటుకుని ఉంది. నాయిన కిందికి దిగి దాన్ని గోటితో గీకి చూశాడు. గోటికంటినదాన్ని వేళ్ళ మధ్య నలిపాడు.

“గిది మా బెల్టసొంటిది కాదు బిడ్డా,” అన్నాడు చివరికి. “గిది పుల్లీ మీద పైకి కిందికి జరుగుతుండాలె. నేను అంటవెట్టి తెంపిన.”

అంతలో పాల్వంచ నుంచి భద్రాచలం పోయే బస్సు వచ్చింది. చెయ్యి అడ్డం పెట్టి ఆపాను.

“నువ్వు ఎక్కు నాయినా, డాక్టర్ ఎల్లిపోతడు. నేను బండి బిగించుకొని ఎనక వస్తా.”

“ఇప్పిన మిషిన్‌ను ఇడిచిపెట్టి ఎట్ల పోతరు? షిఫ్టుల ఎవడన్న గట్ల పోతడా?”

“ఇది షిఫ్టు కాదు, నీ పానం!”

“ఎక్కుతవా లేదా పెద్దాయనా?” అని అరిచాడు కండక్టర్. నాయిన పొమ్మని చెయ్యి ఊపాడు. బస్సు వెళ్ళిపోయింది. నేను ఏడుస్తూ తిట్టాను. ఆయన్నీ తిట్టాను, ఆయనకు ఆ నీతి నేర్పినవాళ్ళనూ తిట్టాను. అన్నీ విని, పానా నా చేతికిచ్చాడు.

“నట్టు ఎడమకు తిప్పు.”

పుల్లీలకంటిన గుగ్గిలం కత్తితో గీకి తీశాను. కొత్త బెల్టు ఎక్కించే ముందు లోపలి పొడి పోవాలి. షాపుల్లో గాలిపైపు పెట్టి కొడతారు. నాయిన అలవాటుకొద్దీ వంగి ఊదబోయాడు. ఊదడానికి లోపల గాలి లేదు. మళ్ళీ ప్రయత్నించాడు. దగ్గు అందుకుంది, పెదాలు నల్లబడ్డాయి. ఆయన్ను రాయికి ఆనించి నేను ఊదుదామని వంగాను. జడ పట్టుకుని వెనక్కి లాగాడు.

“ఆగు!”

మెడలో తువ్వాల తీసి నా ముక్కూ నోరూ కలిపి కట్టాడు. ముడి వదులైతే విప్పి మళ్ళీ కట్టాడు. “ఊదకు. బట్టతోటి మెల్లగ తుడు. గా దుమ్ము లోపలికి పోతే మళ్ళ రాదు.”

పనిలో మూతికి గుడ్డ కట్టుకున్నవాణ్ణి వాళ్ళంతా పెళ్ళికూతురని ఎగతాళి చేసేవాళ్ళు. మా చిన్నప్పుడు నాయిన కొంగు ముఖానికి చుట్టుకున్నట్టు నటించి చూపించేవాడు, మేము పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళం. ఆ ఎగతాళికి భయపడి ఆయన ఒక్కనాడూ గుడ్డ కట్టుకోలేదు. అదే చేత్తో ఇప్పుడు నాకు కట్టాడు. గుడ్డ కింద నాకు ఏడుపు ఆగలేదు.

వెనక పుల్లీని రెండు చేతులతో విడదీసి బెల్టును లోపలికి నొక్కమన్నాడు. బెల్టు మీది బాణం ముందుకు చూస్తోందా అని రెట్టించి అడిగాడు. అన్నీ బిగించి స్టార్ట్ చేస్తే చక్రం కదిలింది. ఆయన మూత మీద చెయ్యి పెట్టి విని, తలూపాడు.

మేము చేరేసరికి డాక్టర్ గది ఖాళీ. మళ్ళీ వచ్చే గురువారమే అన్నారు. డ్యూటీలో ఉన్న చిన్న డాక్టర్ నాయిన్ను చూడగానే మంచం మీద చేర్పించి ఆక్సిజన్ పెట్టించాడు. పెద్ద డాక్టర్ వచ్చేదాకా ఓపిక పట్టాలన్నాడు. ఆ మరుసటి గురువారం పెద్ద డాక్టర్ వచ్చేసరికి ఆ మంచం మీద ఇంకెవరో ఉన్నారు.

కానీ ఆ రోజు నాయినకు ఇంకా మాట ఉంది. ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపి, చెయ్యెత్తి సిస్టర్‌ను పిలిచాడు. ఏమైందోనని ఆమె పరుగున వచ్చింది.

“అమ్మా, నీళ్ళు ఏడున్నయి?” అన్నాడు. “మా బిడ్డ ముక్కు కడుక్కోవాలె.”