రెండు కార్బొరేటర్ల లారీ

నవంబరు రెండో ఆదివారం, చర్చి నుంచి వచ్చాక. స్థలం పామర్రులో మా అన్నయ్య లారీ షెడ్డు. ఉన్నవాళ్లు: మా వదిన, ఆమె తమ్ముడు, హైదరాబాదు నుంచి వచ్చిన పాత లారీల ఆసామి ఒకాయన, నేను. అన్నయ్య పోయి చాలాకాలమైంది కాబట్టి ఆయన్ని డైరీలో హాజరు వేయలేదు గానీ, ఆ మధ్యాహ్నమంతా మేం మాట్లాడుకున్నది ఆయన గురించే.

షెడ్డు స్థలం అమ్ముడైపోయింది. మర్నాడు ఖాళీ చేసి ఇవ్వాలి. లోపలున్న పెట్రోలు లారీని తుక్కు కింద కోసుకుపోవడానికి ఒకతను పొద్దున్నే వస్తానన్నాడు. “కొయ్యకుండా ఎవరన్నా తీసుకుపోతే చాలయ్యా” అని వదిన వారం ముందే బెజవాడ పటమటలో ఉన్న నాకు ఫోన్ చేసింది. నేను నలుగురినీ అడిగి ఈ ఆసామిని పట్టుకున్నాను. ఈయన పాత లారీలు బాగుచేసి ప్రదర్శనలకు నడిపిస్తాడు. అయితే ఆయన మనసు లారీ మీద లేదు. ఇంజను పక్కనున్న మేనిఫోల్డు మీద ఉంది. మామూలు లారీకి ఒక కార్బొరేటరే ఉంటుంది. రెండు కార్బొరేటర్లు కూర్చోబెట్టేలా అల్యూమినియంతో పోతపోసిన గొట్టం ఇది. దీన్ని బిగిస్తే ఇంజనుకు గాలీ పెట్రోలూ ఎక్కువ అంది బండి పరుగెడుతుంది. విదేశీ కంపెనీ చేసినవి ఇప్పుడు ఎక్కడా దొరకడం లేదట. “ఇది ఒరిజినలైతే బండి మొత్తం తీసుకెళ్తానండి, ఒక్క ముక్క కోయనివ్వను. కాకపోతే నాకెందుకండీ ఇంత ఇనుము” అన్నాడు. గవర్నర్‌పేటలో లారీ విడిభాగాల దుకాణంలో స్టోర్సు చూసి రిటైరైనవాణ్ణి కనుక తేల్చే పని నా మీద పెట్టాడు. “మీరే చూడండి సార్. నాకు ఆశ ఎక్కువ, నా కళ్లు నన్నే మోసం చేస్తాయి.”

మైదానంలో నడిచే లారీకి అంత వేగం దేనికని అడగవచ్చు. అన్నయ్య కొల్లేరు చేపలు ఐసులో వేసి బెజవాడ స్టేషనుకు తోలేవాడు. కలకత్తా వెళ్లే రైలు అందితే సరుకు, అందకపోతే ఎరువు. ఆ మేనిఫోల్డును మిలిటరీ వేలంలో కొన్నానని చెప్పేవాడు. అది బిగించాక ఒక్క రైలూ తప్పలేదని ప్రార్థన కూటంలో సాక్ష్యం కూడా చెప్పాడు. పెట్రోలూ చేపలూ కలిసిన ఆ వాసనకు లారీ సందు తిరగకముందే మా వీధి పిల్లులు గేటు దగ్గర చేరేవి.

చిక్కల్లా రంగుతో వచ్చింది. క్రిస్మస్‌కు ఇంటికి సున్నం వేయించినట్టే అన్నయ్య ఏటా ఇంజనుకు వెండి రంగు వేసేవాడు. పాత పొర గీకే అలవాటు లేదు. ఇనుమేదో అల్యూమినియమేదో తెలియకుండా అన్నీ ఒకేలా మెరిసేవి. అయస్కాంతం పెట్టాను, అంటుకోలేదు. థిన్నరు గుడ్డతో రుద్దాను. పొరలు లేచి, కింద ఉబ్బెత్తుగా కంపెనీ పేరు బయటపడింది. వదిన కొంగుతో కళ్లు ఒత్తుకుంది. వాళ్ల తమ్ముడు ఊరుకోలేదు.

“బావగారూ, ఇంక ఆ కళ్లజోడు తీసేయండి. జీవితమంతా బోల్టులు లెక్కపెట్టిన మనిషి, పేరు కనబడ్డా నమ్మడు.”

“పేరు గోడ మీదా రాయొచ్చయ్యా” అన్నాను.

అక్షరాల అంచులు మొద్దుగా ఉన్నాయి. ఆసామి తన ఫోన్లో అసలుదాని కొలతలు తెచ్చాడు. మేనిఫోల్డు విప్పించి కొలిచాను. అన్ని వైపులా కాస్త తక్కువే వచ్చింది. అసలు భాగాన్నే ఇసుకలో అచ్చుగా నొక్కి కరిగిన లోహం పోస్తే, చల్లారాక నకలు కొంచెం కుదించుకుపోతుంది. అప్పుడు బోల్టు రంధ్రాలు కుదరవు, ఆకురాయితో రాసి సాగదీయాలి. ఇక్కడ నాలుగు రంధ్రాలూ కోడిగుడ్డు ఆకారంలో ఉన్నాయి.

“నకలండి. ఈ చుట్టుపక్కల పోత పోసిందే” అని ఆసామితో చెప్పాను. ఆయన రెండోసారి అడగలేదు. వదినకు నమస్కారం పెట్టి, కాఫీ సగం తాగి వెళ్లిపోయాడు.

వదిన మేనిఫోల్డు వంక చూస్తూ కూర్చుంది. “అయితే మిలిటరీ వేలం అబద్ధమేనా?”

“అబద్ధమే వదినా.”

“మరి రైళ్ల సంగతో?”

“రైళ్లు నిజమే. నకలైనా బాగానే పనిచేసింది.”

“నాకు చెబితే ఏం పోయింది, నేనేమన్నా పోలీసునా” అంది. మళ్లీ తనే, “పక్కింటావిడకు చెబుతానని భయం. చెప్పేదాన్నే” అని నవ్వింది.

మర్నాడు పొద్దున తుక్కతను గ్యాస్ కట్టరుతో వచ్చాడు. లారీని కోస్తున్నంతసేపూ వదిన బయటికి రాలేదు. నేను వెళ్లేసరికి వరండాలో పాత పేపరు మీద మేనిఫోల్డు పెట్టుకుని, చిన్న బ్రష్షుతో నేను గీకిన చోట వెండి రంగు వేస్తోంది.

“క్రిస్మస్‌కు ఇంకా నెల పైనే ఉందిగా వదినా.”

“ఆరొద్దా ఏంటయ్యా.”

పాతబడేకొద్దీ విలువ పెరిగే సరుకు నా ఉద్యోగంలో కొద్దిగానే చూశాను. అందులో ఏదీ కొన్నవాళ్ల ఇంట్లో ఈ నకలులా ఇన్నేళ్లు నిలవలేదు.