లిఫ్టు పక్కన చెప్పుకున్న మాట

ఏలూరులో నేను నర్సుగా పనిచేసే ఆసుపత్రిలో రోజూ పొద్దున్నే మీటింగు పెడతామని డాక్టరమ్మగారు అన్నప్పుడు నాకు ఒళ్లు మండింది. రాత్రి డ్యూటీ వాళ్లు దిగే వేళ, మేం ఎక్కే వేళ, లిఫ్టు పక్కన అందరం కాసేపు నిలబడి వార్డుల సంగతులు చెప్పుకోవాలట. మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టే అనుకున్నాను. ఆవిడ మాత్రం, "మీ మనసును తొలుస్తున్నది చెప్పండి, చిన్నదైనా సరే," అన్నారు.

అప్పుడు కింద మగవాళ్ల వార్డులో, నా దగ్గర, కొల్లేటి లంక నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు ఉన్నారు. షుగరుతో కాలి పుండు ముదిరింది. ఆపరేషన్ ఆలస్యమైతే కాలు దక్కదు. ఆయనేమో అన్నం ముట్టరు, ఆపరేషన్‌కు ఒప్పుకోరు. మీ అమ్మ ఏదిరా అని ఆయన అడిగితే కొడుకు, "ఇంటి దగ్గర పనుంది నాన్నా," అని తల దించుకుంటాడు.

"నాకు బాగోకపోతే అది రాకుండా ఉండదు సిస్టరుగారూ. మనిషుంటే వచ్చేదండీ," అన్నారు నాతో.

మర్నాడు మీటింగులో ఆ మాటే చెప్పాను. పై అంతస్తు ఆడవాళ్ల వార్డు సిస్టరు వెంటనే అందుకుంది.

"మా దగ్గర చెయ్యి విరిగిన మామ్మగారు ఉన్నారండీ. 'కింద వార్డులో మా ఆయన అన్నం తిన్నారా?' అని రోజూ అడుగుతారు. తనిక్కడ ఉన్నట్టు ఆయనకి చెప్పొద్దని కొడుకు ఒట్టేయించుకున్నాడంటండీ."

చెరువు గట్టు మీద జారిపడిన తల్లిని కొడుకు ఇక్కడే చేర్చి, తండ్రి బెంగపడతాడని దాచాడన్నమాట. జబ్బు మనిషికి చెడ్డ కబురు చెప్పకూడదని మా వైపు అందరికీ ఉన్న పట్టింపే. అతన్ని నాలుగు దులుపుదామని వెళ్లాను. రెండు వార్డుల మధ్య తిరిగి తిరిగి పీక్కుపోయిన ఆ మొహం చూసి, "అమ్మగారిని కిందికి తీసుకొద్దాం, రండి," అని మాత్రం అన్నాను.

మామ్మగారిని వీల్‌చైర్‌లో కిందికి తెచ్చాం. పెద్దాయన ఆవిడ మొహాన్నీ, చేతి కట్టునూ మార్చి మార్చి చూశారు.

"నువ్వు లేవనుకున్నానే," అన్నారు.

ఆవిడ ఎడమ చేత్తో ఇడ్లీ తుంచి ఆయన నోటి దగ్గర పెట్టారు. "మీతో చెప్పకుండా పోతానా అండీ?"

నాకు ఏడుపొచ్చింది. ఆయన మెల్లగా ఇడ్లీ మింగి, నా వైపు తిరిగారు.

"ఆపరేషన్ ఎప్పుడు చేస్తారండీ?"