లింబాద్రి చేసిన వైరింగ్

ఎల్లారెడ్డిలో మోటారుసైకిళ్ల వైరింగ్ చేసే పోశెట్టి, ఏ బండి సీటు ఊడదీసినా ముందు పెదవి విరుస్తాడు. "ఎవడు చేసిండు దీన్ని?" అని నవ్వి, ఆ తర్వాతే పంటితో వైరు తోలు ఒలిచి పని మొదలుపెడతాడు. రెండువేల పదమూడు ఎండాకాలంలో, దుబాయి నుంచి వచ్చిన హరిచంద్ తన పెద్ద బండి తెచ్చాడు. ఎక్సిలేటర్ తిప్పకున్నా బండి ఒకే వేగంతో పోవడానికి విడిగా కొని పెట్టించుకున్న క్రూజ్ స్విచ్ పనిచేయడం లేదు.

"కామారెడ్డిల లింబాద్రన్న చేసిండు," అన్నాడు.

పోశెట్టి, లింబాద్రి ఒకే ఉస్తాద్ దగ్గర పని నేర్చుకున్నవాళ్లు. ఇప్పుడు పెద్ద బండ్లన్నీ లింబాద్రి దగ్గరికే పోతాయి. ఆ పేరు వినగానే పోశెట్టి మొహం మాడింది. సీటు తీసి ఆశగా వంగాడు. వంక పెట్టడానికి ఏమీ లేదు. వైర్లు జడ అల్లినంత పొందికగా ఉన్నాయి. పోయింది ఫ్యూజు ఒక్కటే.

"ఏమైందన్నా?"

"అంతా తప్పు చేసిండు. మొత్తం ఇప్పి మల్ల చెయ్యాలె."

పొద్దుగూకేదాకా చేశాడు. కొత్త ఫ్యూజు వేశాక స్విచ్ నొక్కితే దీపం వెలిగింది.

"నీ చెయ్యే చెయ్యి, అన్నా!" హరిచంద్ మురిసిపోయాడు.

పోశెట్టి వంగి సీటు బిగించసాగాడు. ఎంత వేరుగా చేద్దామని చూసినా, ప్రతి వైరూ చివరికి లింబాద్రి పెట్టిన చోటికే పోయి కూర్చుంది.