కోట కిటికీలో పసుపు ముడులు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఎవరింట్లోనైనా రాత్రిళ్లు ఏదో తిరుగుతోందంటే, ఎలుకల బోను పెట్టుకోండమ్మా అని చెప్పి వచ్చేదాన్ని. ఇప్పుడూ అదే చెబుతాను. కానీ ఈ ఒక్కటి మాత్రం నా చేతుల మీదే జరిగింది.

ముప్పయ్యో దశకం మాట. ఏలూరులో మాది తివాచీలు నేసే ఇల్లు. గొప్పలనుకున్నా సరే, నాన్న మగ్గం మీద తప్పు ముడి చూసినవాళ్లు లేరు.

యానాం నుంచి ఒక ఫ్రెంచి దొరసాని గారు వచ్చారు. అక్కడే పుట్టి పెరిగిన మనిషి, తెలుగు మనలాగే మాట్లాడేవారు. ఆవిడ తాతగారు పోయిన శతాబ్దంలో ఫ్రాన్సులో ఏదో కథ చదివి, అందులోని కోటను సిరాతో గీశారట. సూదుల్లాంటి గోపురాలు, పైన మొన తేలిన కిటికీలు. అంతా నలుపు, బూడిద, తెలుపు. దాన్ని తివాచీగా నేయాలి. పువ్వు లేదు, రంగు లేదు, మా వల్ల కాదని మిగతా మగ్గాలవాళ్లు అనేశారు. నాన్న ఒప్పుకున్నారు. ఒక్క ముడి తేడా వచ్చినా తీసుకోవద్దని మాట కూడా ఇచ్చారు.

బొమ్మను గళ్ల కాగితం మీదికి ఎక్కించి, నాన్న మగ్గం వెనక కూర్చుని చదివేవారు. "నలుపు మూడు, బూడిద రెండు..." ముందు వైపు అమ్మ, తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన మేనత్త, నేను ఆ ప్రకారం ముడులు వేసేవాళ్లం. తివాచీ కింద నుంచి పైకి పెరుగుతుంది. అంటే మేస్త్రీల్లాగే ఆ కోటను పునాది నుంచి కట్టాం. ఆ మాట చెప్పుకోవడం నాకిప్పటికీ ఇష్టం.

పై గోపురం కిటికీ దగ్గర నాన్న గొంతు వినిపించింది. "పసుపు రెండు." వేశాను. పై వరసలోనూ పసుపే. వేశాను.

మధ్యాహ్నం నాన్న ముందుకొచ్చి చూసి నిలబడిపోయారు.

"పసుపెక్కడిదే అమ్మాయ్?"

"మీరేగా నాన్నా అన్నారు!"

ఆయన కాగితం చూపించారు. ఆ గళ్లు నల్లగా ఉన్నాయి. తాను నలుపనే చదివానన్నారు. అమ్మా, అత్తా కూడా పసుపనే విన్నారు. నా ఒళ్లో పసుపు ఊలు ఉండ ఉంది. ఆ కోటకు మేం పసుపు తీయనే లేదు. కొల్లేటి గాలికి చెమ్మ పడుతుందని రంగు ఊలంతా కొట్టుగదిలో పెట్టి తాళం వేశాం. తీసి చూస్తే పసుపు మూట కట్టింది కట్టినట్టే ఉంది.

నాన్న ముఖం చూడలేకపోయాను. ముడులు కోసేయడానికి కత్తి అందుకున్నారు. అంతలో గుమ్మం ముందు జట్కా ఆగింది. పని చూడటానికి ఆ రోజు వస్తానన్న దొరసాని గారు దిగారు.

"తప్పు పడిందండీ. మీరు తీసుకోవద్దండీ," అన్నారు నాన్న తల వంచుకుని.

ఆవిడ ఆ కిటికీ మీద వేలు పెట్టారు. "ఆ కథ మీకెవరు చెప్పారండీ?"

"కథేంటండీ?"

"కథలో ఆ కిటికీలో దీపం ఉంటుందండీ, సముద్రం మీదికి వెళ్లినవాడి కోసం. తాతగారు నల్ల సిరాతో గీశారు కదా, దీపం వెలిగించలేకపోయానని పోయేదాకా బాధపడ్డారు."

నాన్న కత్తి పక్కన పెట్టారు. తల ఎత్తుకుని వెళ్లి మగ్గం వెనక కూర్చుని, తరవాతి వరస చదివారు.

ఆ గొంతు ఎవరిదో, ఆ ఊలు ఎక్కడిదో ఇన్నేళ్లొచ్చినా నాకు తెలియదు. అడిగినవాళ్లకు తెలియదనే చెబుతాను. ఆ దీపం పెట్టిందెవరని అడిగితే మాత్రం, నేనేనండీ అంటాను.