భక్తి అని మెచ్చుకున్నారు

1948 పోలీస్ యాక్షన్ రోజుల్లో రైల్వే ఉద్యోగి అయిన మా నాన్న కాజీపేటలో చిక్కుకుపోయారు. రైళ్లు లేవు, కబురు లేదు. సికింద్రాబాద్‌లో మా ఇంటి సాయంకాల ప్రార్థనలో ఆయన పేరు పలుకుతుండగా నాకు దగ్గు వచ్చింది. పేరు మధ్యలో తెగింది. ఇక ఆయన తిరిగి రారనిపించి, మొదటి నుంచి మళ్లీ చెప్పాను. నాలో తేడా ఆ రోజే మొదలైంది.

నాన్న క్షేమంగా వచ్చారు. అదే నా కొంప ముంచింది. పాస్టరుగారు నన్ను చర్చిలో నిలబెట్టి సాక్ష్యం చెప్పించారు. “ఈ బిడ్డ ప్రార్థనే తండ్రిని ఇంటికి తెచ్చింది” అన్నారు. అందరూ హల్లెలూయా అన్నారు. నా రోగానికి మేత వేశారు.

తర్వాత నా ప్రార్థనలో చెల్లెళ్లు, అత్తలు, చివరికి ఇరుగుపొరుగు పేర్లూ చేరాయి. గిన్నె చప్పుడైనా మళ్లీ మొదటికే. “జెర బువ్వ తిను బిడ్డా, దేవుడు గిట్ల మాడి సావమన్నడా?” అని అమ్మ ఒక్కతే ఏడ్చేది. మల్కాజ్‌గిరి బడిలో నాకు కొత్త ఉద్యోగం. రోజూ ఆలస్యమే.

“దేవునికి టైముంటది గని పిల్లలకు లేదా మాస్టరూ? ఇంకోపారి లేటైతే ఇంట్లనే కూసో” అన్నారు హెడ్‌మాస్టరు.

అమ్మ తీసుకెళ్లిన మొదటి డాక్టరు “నర్వ్స్ వీక్” అని టానిక్ రాశాడు. “మంచి అలవాటే గద, ఎందుకు మానుడు?” అని నవ్వాడు. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

తిరుమలగిరిలో మిలటరీ నుంచి రిటైరైన డాక్టరు ఒకాయన అలా నవ్వలేదు. “ఏం ప్రార్థన చేస్తవో నాకొద్దు. దినాం ఎంతసేపు పోతది? నడుమ ఆపగలవా? ఆపితే ఎంత పరేషాన్ అయితవు? ఏ పని చెడ్డది?” అన్నీ చెప్పాను. “సివియర్. ఇది భక్తి కాదు, అబ్సెషనల్ న్యూరోసిస్. వద్దన్నా చేసిందే చేయించే మనసు జబ్బు” అన్నారు. ఒక్కసారే ప్రార్థించాలి, తప్పు దొర్లితే తప్పుతోనే లేవాలి. అదే చికిత్స.

ప్రార్థన ఒక్కసారికి తగ్గింది, ఉద్యోగం నిలబడింది. ఇంతలో నాన్నకు జ్వరం వచ్చింది. “సూసినవా, ప్రార్థన తగ్గించిండు” అంది మేనత్త. మళ్లీ మోకాళ్లు వాచేదాకా మోకరించాను. డాక్టరు కసరలేదు. “మళ్ల ఒక్కసారితోనే షురూ చెయ్” అన్నారు. ఈసారి జ్వరం తగ్గకముందే లేచి బడికి వెళ్లాను. దారంతా వెనక్కి తిరగాలనిపించినా నడిచాను. నాన్న బతికారు, నా లెక్కతో నిమిత్తం లేకుండానే.

ఇప్పుడు రిటైరై ఇంట్లో ఉన్నాను. ఆ భయం అప్పుడప్పుడు వస్తుంది, ఉంటుంది, పోతుంది. ఆ డాక్టరు అడిగినటువంటి ప్రశ్నలకే నేడు మార్కులు వేసి తీవ్రత కొలుస్తున్నారు. అయినా శుభ్రం, భక్తి, జాగ్రత్త అంటూ రోగాన్ని మెచ్చుకునేవాళ్లు తగ్గలేదు. మీ ఇంట్లో ఎవరైనా చేసిందే చేస్తుంటే, అది మంచిదా చెడ్డదా అని తీర్పు చెప్పకండి. ఆపగలవా అని అడగండి. ఆపలేనంటే ఆ వారమే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.